విండోస్ 11కి మారాక పేజ్‌మేకర్ ఓపెన్ కావట్లేదా? పాత సాఫ్ట్‌వేర్లు నడిపించే దారులివే..

పెళ్లిళ్ల సీజన్ వస్తే నాదర్‌గుల్ నుంచి ఎల్బీనగర్, దిల్‌సుఖ్‌నగర్ దాకా డీటీపీ సెంటర్లకు క్షణం తీరిక ఉండదు. శుభలేఖలు, కరపత్రాలు, బిల్ బుక్కులు.. చాలాచోట్ల ఈ పనంతా ఇప్పటికీ పేజ్‌మేకర్, అను ఫాంట్ల మీదే నడుస్తోంది. పేజ్‌మేకర్ 7.0 వచ్చింది 2001లో. దాని తర్వాత అడోబ్ మరో పెద్ద వెర్షన్ తేలేదు, అందరినీ ఇన్‌డిజైన్ వైపు మళ్లించింది. మన షాపులు మాత్రం మళ్లలేదు. చేతికి అలవాటైన కీబోర్డు, ఏళ్ల తరబడి దాచుకున్న ఫైళ్లు.. వదులుకోవడం అంత ఈజీ కాదు మరి.

ఇప్పుడు చిక్కొచ్చింది. 2025 అక్టోబర్ 14తో విండోస్ 10కి మామూలు సపోర్ట్ ఆగిపోయింది. దీంతో కొందరు విండోస్ 11కి అప్‌గ్రేడ్ చేసుకుంటే, కొందరు ఏకంగా కొత్త సిస్టమే కొంటున్నారు. తీరా చూస్తే పాత సాఫ్ట్‌వేర్ మొరాయిస్తోంది.

అసలు ఎందుకిలా? విండోస్ 11లో 64 బిట్ వెర్షన్ మాత్రమే ఉంది. 32 బిట్ ప్రోగ్రామ్‌లను అది నడుపుతుంది, 16 బిట్ వాటిని అస్సలు ముట్టుకోదు. పేజ్‌మేకర్ 7.0 32 బిట్‌దే కాబట్టి ఆశ ఉంది. ఇంజినీరింగ్ స్టూడెంట్లకు బాగా తెలిసిన పాత టర్బో సీ అలా కాదు, అది డాస్ కాలం నాటిది. దానికి డాస్‌బాక్స్ అనే ఉచిత ప్రోగ్రామ్ పెట్టుకుంటే సరిపోతుంది.

పేజ్‌మేకర్ విషయానికొస్తే ముందు చేయాల్సింది చిన్న పనే. ప్రోగ్రామ్ ఐకాన్ మీద రైట్ క్లిక్ కొట్టి ప్రాపర్టీస్‌లోకి వెళ్లాలి. అక్కడ కంపాటిబిలిటీ ట్యాబ్‌లో విండోస్ ఎక్స్‌పీ సర్వీస్ ప్యాక్ 3 ఎంచుకోవాలి. కిందనే ఉన్న 'రన్ యాజ్ అడ్మినిస్ట్రేటర్'కు కూడా టిక్ పెట్టాలి. అప్పట్లో ప్రోగ్రామ్‌లు తమ సొంత ఫోల్డర్‌లోనే సెట్టింగ్స్ రాసుకునేవి. ఇప్పటి విండోస్ దానికి ఒప్పుకోదు. చాలా ఎర్రర్లకు మూలం ఇదే.

చాలామంది పట్టించుకోనిది ఇంకోటుంది.. ప్రింటర్. పేజ్‌మేకర్ పేజీ లెక్క అంతా ఏ ప్రింటర్‌కి కంపోజ్ చేశారన్న దాన్ని బట్టి ఉంటుంది. విండోస్ సెట్టింగ్స్‌లో డీఫాల్ట్ ప్రింటర్‌ను సిస్టమే చూసుకునే ఆప్షన్ ఆన్‌లో ఉంటే, చివరిగా వాడిన ప్రింటర్ డీఫాల్ట్‌గా మారిపోతుంది. నిన్న సరిగ్గా కూర్చున్న లైను ఇవాళ జరిగిందంటే ముందు అనుమానించాల్సింది దీన్నే. ఆ ఆప్షన్ ఆఫ్ చేసి, ఒకే ప్రింటర్‌ను ఫిక్స్ చేసుకుంటే మంచిది.

పాత స్కానర్లు, లాక్‌తో నడిచే సాఫ్ట్‌వేర్ల కథ వేరు. వాటికి డ్రైవర్ కావాలి. 64 బిట్ విండోస్‌కి 64 బిట్ డ్రైవరే ఉండాలి. కంపాటిబిలిటీ మోడ్ ఇక్కడ పనికిరాదు.

ఏదీ కుదరకపోతే వర్చువల్ మెషీన్. అంటే కొత్త విండోస్ లోపలే ఒక పాత విండోస్‌ను నడపడం. వర్చువల్‌బాక్స్ ఉచితంగా దొరుకుతుంది. విండోస్ 11 ప్రో ఉంటే హైపర్-వీ అందులోనే వస్తుంది, హోమ్ ఎడిషన్‌లో ఉండదు. లోపల వేసే పాత విండోస్‌కి సొంత లైసెన్స్ తప్పనిసరి. 4 జీబీ ర్యామ్‌తో ఈ పని పెట్టుకుంటే సిస్టమ్ నత్తనడకే, కనీసం 8 జీబీ ఉండాలి. ముఖ్యంగా ఎక్స్‌పీకి నెట్ కనెక్షన్ ఇవ్వొద్దు. దానికి 2014 ఏప్రిల్ 8నే సపోర్ట్ ఆగిపోయింది.

ఇక అసలు గుబులు ఫైళ్ల గురించి. పేజ్‌మేకర్ 6, 7 ఫైళ్లను ఇన్‌డిజైన్ సీఎస్6 వరకే నేరుగా తెరిచేది. ఆ తర్వాతి ఇన్‌డిజైన్ సీసీ వెర్షన్లు తెరవవు. కాబట్టి పేజ్‌మేకర్ నడుస్తున్న సిస్టమ్ చేతిలో ఉండగానే ముఖ్యమైనవి పీడీఎఫ్‌లుగా మార్చుకోవాలి. పాత డిస్క్ మొత్తానికి మరో కాపీ తీసి పక్కన పెట్టుకోవాలి.

అను ఫాంట్లలో కొట్టిన మ్యాటర్ యూనికోడ్ కాదు. అందుకే వాట్సాప్‌లో పేస్ట్ చేస్తే తెలుగు బదులు పిచ్చి గుర్తులొస్తాయి. కన్వర్టర్లు ఉన్నాయి గానీ ఒత్తుల దగ్గర ఒక్కోసారి తడబడతాయి. శుభలేఖలో పెళ్లికొడుకు పేరు మారిపోతే తిట్లు తినేది షాపు వాళ్లే. ప్రూఫ్ చూడకుండా ప్రింట్‌కి పంపొద్దు.

అప్‌గ్రేడ్ చేశాక పని జరగట్లేదనిపిస్తే 10 రోజుల్లోపు సెట్టింగ్స్‌లోని రికవరీ నుంచి విండోస్ 10కి వెనక్కి వెళ్లొచ్చు. అది దాటితే మళ్లీ ఇన్‌స్టాల్ చేసుకోవడమే. విండోస్ 10లోనే ఉండిపోయేవాళ్లు అదనపు సెక్యూరిటీ అప్‌డేట్ల ప్రోగ్రామ్‌లో చేరితే ఇళ్లలో వాడే సిస్టమ్‌లకు 2026 అక్టోబర్ 13 వరకు అప్‌డేట్లు వస్తాయి.