కాలేజీ ఆటగాళ్లకు జీతం ఇవ్వాలా? అమెరికాలో మొదలైంది.. మరి గోదావరిఖనిలో?

గోదావరిఖనిలో పొద్దుగాల గ్రౌండ్‌కు వెళ్తే డిగ్రీ పిల్లలు రౌండ్లు కొడుతూ కనిపిస్తారు. వాళ్లలో చాలామంది చూసేది పతకం వైపు కాదు.. స్టాప్‌వాచ్‌లో 7 నిమిషాల 15 సెకన్ల వైపు. 2022 తెలంగాణ కానిస్టేబుల్ నోటిఫికేషన్‌లో అబ్బాయిలు 1600 మీటర్లు పరుగెత్తాల్సిన టైమ్ అది. అమ్మాయిలకైతే 800 మీటర్లు, 5 నిమిషాల 20 సెకన్లు. పరుగుకు పైసలు వచ్చే దారి ఈ ఏరియాలో ఇదొక్కటే అన్నట్టు తయారైంది. అదే పిల్లలు యూనివర్సిటీ టీమ్‌కు ఆడితే? వచ్చేది సర్టిఫికెట్.

ఇప్పుడు అమెరికా సంగతి. అక్కడ కాలేజీ ఫుట్‌బాల్, బాస్కెట్‌బాల్ టీవీలో నడిచే పెద్ద వ్యాపారం. టీవీ హక్కులు, టికెట్ల డబ్బు కాలేజీలకు, జీతం కోచ్‌లకు.. ఆడే విద్యార్థికి మాత్రం స్కాలర్‌షిప్. 'వీళ్లు విద్యార్థులు, అమెచ్యూర్లు' అని కాలేజీ క్రీడల సంస్థ ఎన్‌సీఏఏ దశాబ్దాల పాటు చెప్పుకొచ్చింది. 2021 జూన్‌లో అల్‌స్టన్ కేసులో అక్కడి సుప్రీంకోర్టు జడ్జీలు 9 మందీ ఎన్‌సీఏఏకు వ్యతిరేకంగా తీర్పు చెప్పారు. అదే ఏడాది జులై 1 నుంచి ఆటగాళ్లు తమ పేరు, ఫొటోతో ప్రకటనల్లో సంపాదించుకోవడానికి దారి దొరికింది. 2025 జూన్ 6న 'హౌస్' కేసు సెటిల్‌మెంట్‌కు కోర్టు ఓకే చెప్పింది. దాంతో కాలేజీలే నేరుగా చెల్లించొచ్చు. మొదటి ఏడాది ఒక్కో కాలేజీకి పరిమితి సుమారు 2 కోట్ల 5 లక్షల డాలర్లు. పాత ఆటగాళ్లకు బకాయిల కింద దాదాపు 280 కోట్ల డాలర్లు.

అసలు అమెచ్యూర్ అంటే?

డబ్బు తీసుకోకుండా ఇష్టంతో ఆడేవాడు అని అర్థం. వినడానికి బాగుంటుంది. కానీ తిండికి లోటు లేనివాడికే అది సాధ్యం. 1912 ఒలింపిక్స్‌లో రెండు స్వర్ణాలు గెలిచిన జిమ్ థోర్ప్ అంతకుముందు చిన్న మొత్తానికి బేస్‌బాల్ ఆడాడని తేలడంతో పతకాలు లాగేసుకున్నారు. ఆయన్ను మళ్లీ ఏకైక విజేతగా గుర్తించింది 2022లో.. ఆయన చనిపోయిన దాదాపు 70 ఏళ్లకు!

మన దగ్గర సమస్య వేరు. అంతర్ విశ్వవిద్యాలయ పోటీలకు టీవీ హక్కుల డబ్బు లేదు, కాబట్టి పంచడానికి వాటా లేదు. ఇక్కడ ఆటగాడికి పైసలు ఇవ్వొద్దని గొడవ చేసేవాళ్లూ లేరు. కాకపోతే పైసలు వచ్చేది గెలిచాక. నిఖత్ జరీన్‌కు డీఎస్పీ ఉద్యోగం వచ్చింది 2024లో, రెండుసార్లు వరల్డ్ చాంపియన్ అయ్యాక. పారిస్ పారాలింపిక్స్‌లో కాంస్యం తెచ్చిన వరంగల్ జిల్లా అమ్మాయి దీప్తి జీవాంజికి ప్రభుత్వం రూ.కోటి, గ్రూప్-2 ఉద్యోగం, 500 గజాల స్థలం ప్రకటించింది. న్యాయమే. మరి పతకానికి ముందు ఐదారేళ్లు షూస్, గుడ్లు, పాలు, బస్ చార్జీలు ఎవరు పెట్టాలి? గోదావరిఖని నుంచి శాతవాహన యూనివర్సిటీ ఉన్న కరీంనగర్‌కు 60 కిలోమీటర్లకు పైనే. కాంట్రాక్ట్ కార్మికుడి ఇంట్లో ఆ ఖర్చు చిన్నదేం కాదు.

కేంద్రం ఖేలో ఇండియా కింద ఎంపికైన క్రీడాకారుడికి ఏడాదికి రూ.6.28 లక్షలు కేటాయిస్తుంది. అందులో చేతికొచ్చేది నెలకు రూ.10 వేలు.. మిగతాది శిక్షణ, హాస్టల్, తిండి లాంటి వాటికి. పథకం మంచిదే, కానీ ఎంపికైన కొద్దిమందికే.

సింగరేణి ఇవ్వగలదా?

రాష్ట్రానికి 51 శాతం, కేంద్రానికి 49 శాతం వాటా ఉన్న సింగరేణిలో ఆటలు కొత్త కాదు. డబ్ల్యూపీఎస్ అండ్ జీఏ పేరుతో ఉద్యోగులకు పోటీలు పెడతారు. అక్కడ నెగ్గినవాళ్లు కోల్ ఇండియా స్థాయికి వెళ్తారు. కాకపోతే వాళ్లు నెల జీతం ఉన్నవాళ్లు. ఊళ్లోని యువతకు సింగరేణి సేవా సమితి ఉచిత శిక్షణ ఇస్తుంది.. అదీ ఆర్మీ, పోలీస్ ఉద్యోగాల కోసం.

అయితే ఉద్యోగి కాని విద్యార్థికి చేతికి పైసలిచ్చిన ఉదాహరణ ఈ సంస్థకే ఉంది. 2024 జులైలో మొదలైన రాజీవ్‌గాంధీ సివిల్స్ అభయహస్తం కింద యూపీఎస్సీ ప్రిలిమ్స్ పాసైన తెలంగాణ అభ్యర్థులకు సింగరేణి రూ.లక్ష చొప్పున ఇస్తోంది. ఉద్యోగం వచ్చాక కాదు.. ఇంకా మెయిన్స్ రాయాల్సి ఉండగానే. ఆటకూ ఇలా ఇవ్వడానికి చట్టం అడ్డేం కాదు. కంపెనీల చట్టం ఏడో షెడ్యూల్‌లో సీఎస్‌ఆర్ నిధులు ఖర్చు పెట్టదగ్గ పనుల్లో గ్రామీణ, ఒలింపిక్, పారాలింపిక్ క్రీడల శిక్షణ స్పష్టంగా ఉంది.

చిక్కు ఎంపికలో ఉంది. ప్రిలిమ్స్‌కు కటాఫ్ ఉంటుంది, కబడ్డీకి ఉండదు. సెలక్షన్‌లో సిఫార్సులు నడుస్తాయన్న అనుమానం ఎప్పుడూ ఉంటుంది. నెలనెలా పైసలు కలిస్తే అది ఇంకా పెరుగుతుంది. యూనివర్సిటీ టీమ్‌కు ఎంపికనే గీతగా పెట్టుకుంటే కొంత నయం, ఎందుకంటే ఆ జాబితా ఎలాగూ ఏటా తయారవుతుంది.

ఇంకో ప్రశ్న అమెరికా కూడా తేల్చలేదు. ఆడేవాడు ఉద్యోగా, విద్యార్థా? హౌస్ సెటిల్‌మెంట్ డబ్బు ఇచ్చింది గానీ ఉద్యోగి హోదా ఇవ్వలేదు. బొగ్గు బాయి పక్కన పెరిగినవాళ్లకు ఈ తేడా విడమర్చి చెప్పనక్కర్లేదు. బాయిలో కాలు విరిగిన కార్మికుడికి పరిహారం అడిగే చట్టం ఉంది. యూనివర్సిటీ మ్యాచ్‌లో మోకాలు పోయిన డిగ్రీ విద్యార్థికి జీతమూ లేదు, ఆ హక్కూ లేదు. ఆపరేషన్ ఖర్చు ఇంటి మీదే.