కారు సెల్ఫ్ తిరగకపోతే: మోటారు మార్చే ముందు చూసుకోవలసినవి

తెల్లవారుజామున ముహూర్తం. కోయంబత్తూరు నుంచి మదురైకి పెళ్లికి బయలుదేరి, దారిలో ధారాపురంలో కాఫీకి ఆగాం. తిరిగి ఎక్కి తాళం తిప్పితే 'టక్' అని ఒక్క చప్పుడు వచ్చింది, అంతే. దగ్గరలో దొరికిన మెకానిక్ బానెట్ ఎత్తీ ఎత్తకముందే "సెల్ఫ్ మోటార్ పోయింది, మార్చాలి" అన్నాడు. పక్కన లారీ ఆపుకున్న డ్రైవర్ ఒకాయన వంగి చూసి, ఇంజనుకూ బాడీకీ మధ్య ఉండే ఎర్త్ పట్టీ తుప్పు పట్టి వదులైందని చూపించాడు. దాన్ని విప్పి, గరుకు కాగితంతో గీకి బిగిస్తే బండి మొదటి తిప్పుకే లేచింది. మోటారుకు ఏమీ కాలేదు. ఆ లారీ ఆయన లేకపోతే డబ్బూ పోయేది, ముహూర్తమూ దాటేది.

ఇంట్లో 'సెల్ఫ్ తీసుకోవడం లేదు' అన్నా, వర్క్‌షాపులో 'సెల్ఫ్ ఎడుక్కల' అన్నా జబ్బు ఒక్కటే కాదు. బాటరీ, వైర్లు, స్విచ్, సొలినాయిడ్, మోటారు, ఇంజను, ఈ ఆరింటిలో ఏది మొరాయించినా పైకి కనిపించేది ఒకటే. ఏది తప్పో ఇంట్లోనే చాలావరకు తేల్చుకోవచ్చు. ఆ వరుసనే ఇక్కడ రాస్తున్నాం.

సెల్ఫ్ ఎక్కడిది

మోటారు బండ్లు మన ఊళ్లకు కొత్త కాదు. కలంగల్‌లో 1893లో పుట్టిన మన జి.డి.నాయుడు గారు 1920లో పొల్లాచ్చి–పళని మధ్య బస్సు నడపడంతో తన రవాణా వ్యాపారం మొదలుపెట్టారు. మదురైలో టి.వి.సుందరం అయ్యంగార్ గారి సంస్థ బస్సులతో మొదలై మోటారు విడిభాగాలకు పెద్ద పేరైంది. ఆ కుటుంబ సంస్థే ఇంగ్లండులోని లూకాస్‌తో కలిసి 1961లో లూకాస్ టీవీఎస్‌ను నెలకొల్పి, చెన్నై పాడిలో స్టార్టర్ మోటార్లు తయారుచేయించింది.

అంతకు ముందు రోజుల్లో ముందువైపు హ్యాండిల్ పెట్టి చేత్తో తిప్పేవారు. ఇంజను ఎదురు తన్నితే మణికట్టు విరిగేది. అమెరికాలో చార్లెస్ కెటరింగ్ 1911లో రూపొందించిన ఎలక్ట్రిక్ స్టార్టర్ 1912 కాడిలాక్ కార్లలో వచ్చాక ఆ బాధ క్రమంగా తప్పింది. మన అంబాసిడర్లలో మాత్రం హ్యాండిల్ చాలాకాలం తోడుగా ఉండేది. ఇప్పటి కార్లకు ఆ దారి లేదు కాబట్టే సెల్ఫ్ జబ్బు తెలుసుకోవడం అవసరం.

లోపల ఏం జరుగుతుంది

తాళం తిప్పగానే సన్న వైరు గుండా కొద్దిపాటి కరెంటు సొలినాయిడ్‌కు వెళ్తుంది. అది రెండు పనులు చేస్తుంది. బెండిక్స్ అనే చిన్న గేరును ముందుకు తోసి ఫ్లైవీల్ పళ్లకు తగిలిస్తుంది. అదే సమయంలో లావు వైరుకు దారి తెరిచి బాటరీ కరెంటును మోటారుకు పంపుతుంది. మనం వినే 'టక్' ఈ సొలినాయిడ్‌దే.

బావి మోటార్లు, పంపుసెట్లు చూసి పెరిగినవాళ్లకు ఒక తేడా చెప్పాలి. అవి గంటలు తిరగడానికి చేసినవి. సెల్ఫ్ మోటారు కొన్ని సెకన్లు విపరీతమైన బలంతో తిరగడానికి చేసినది. చిన్న పెట్రోలు కారుకే 100 నుంచి 150 ఆంపియర్లు లాగుతుంది. డీజిల్‌కు ఇంకా ఎక్కువ.

అసలు కిటుకు ఇక్కడే ఉంది. తుప్పు పట్టిన టెర్మినల్ 0.02 ఓమ్ మాత్రమే అడ్డుపడిందనుకుందాం. 55 వాట్ల హెడ్‌లైటు సుమారు 4.6 ఆంపియర్లే తీసుకుంటుంది, కాబట్టి అక్కడ పోయేది 0.1 వోల్టు లోపే. లైటు ధగధగా వెలుగుతుంది. అదే 150 ఆంపియర్లు లాగే సెల్ఫ్‌కైతే 3 వోల్టులు అక్కడే పోతాయి. అందుకే 'లైట్లు బాగానే వెలుగుతున్నాయి, బాటరీ బాగుంది, మోటారే పోయింది' అన్న తీర్పు చాలాసార్లు తప్పవుతుంది.

ముందు చెవి పెట్టండి

హ్యాండ్‌బ్రేక్ వేసి, గేరు న్యూట్రల్‌లో పెట్టి, హెడ్‌లైట్లు వెలిగించి తాళం తిప్పండి. ఒకరు లోపల, ఒకరు బయట ఉంటే మంచిది.

- 'టకటకటక' అని వరుసగా కొట్టుకుంటూ లైట్లు మసకబారితే: బాటరీ దిగిపోయింది, లేదా టెర్మినల్ వదులు.
- ఒకే 'టక్', లైట్లు పూర్తిగా మసకబారితే: బాటరీ బలం చాలదు, కనెక్షన్ చెడింది, లేదా మోటారో ఇంజనో బిగుసుకుంది.
- ఒకే 'టక్', లైట్లు తగ్గకపోతే: సొలినాయిడ్ లోపలి కాంటాక్టులు కాలాయి, మోటారు కార్బన్ బ్రష్‌లు అరిగాయి, లేదా మోటారుకు వెళ్లే లావు వైరు, ఇంజను ఎర్త్ చెడ్డాయి.
- చప్పుడే లేదు, లైట్లు మామూలుగా ఉంటే: ఫ్యూజు, రిలే, తాళం స్విచ్, క్లచ్ స్విచ్, ఇమ్మొబిలైజర్ వైపు చూడాలి.
- మోటారు 'గుయ్'మని తిరిగి ఇంజను కదలకపోతే: బెండిక్స్ జారుతోంది.
- 'గరగర' వస్తే: బెండిక్స్ లేదా ఫ్లైవీల్ పళ్లు అరిగాయి. ఇక తిప్పకండి, ఖర్చు పెరుగుతుంది.

వరుసగా పరీక్షలు

1. బాటరీ. బండి కొన్ని గంటలు ఆగి ఉన్నాక మల్టీమీటరు పెట్టండి. 12.6 వోల్టులు ఉంటే నిండుగా ఉన్నట్టు, 12.2 ఉంటే సగం, 12.0కు వస్తే దాదాపు ఖాళీ. తాళం తిప్పుతున్నప్పుడు 9.6 కన్నా కిందకు పడిపోతే ముందు బాటరీని చార్జి చేయించి మళ్లీ చూడండి.

2. టెర్మినళ్లు. తెల్లగా, పచ్చగా పూసిన పొడి కనిపిస్తే నెగటివ్ ముందు, పాజిటివ్ తర్వాత విప్పండి. వంటసోడా కలిపిన నీళ్లతో కడిగి, ఆరాక గీకి, పాజిటివ్ ముందు బిగించండి. పైన కాస్త వాజలిన్ రాయండి. చేత్తో తిప్పితే కదిలే టెర్మినల్ బిగువుగా ఉన్నట్టు కాదు.

3. వైర్లు, ఎర్త్. మీటరు ఒక కొనను బాటరీ పాజిటివ్ కడ్డీ మీద, రెండోదాన్ని మోటారు మీది లావు బోల్టు మీద పెట్టి తాళం తిప్పించండి. 0.5 వోల్టు దాటకూడదు. తర్వాత బాటరీ నెగటివ్ కడ్డీకీ మోటారు బాడీకీ మధ్య చూడండి. 0.3 దాటితే ఎర్త్ చెడ్డది. ధారాపురంలో మా దగ్గర మీటరు ఉంటే ఆ మెకానిక్ మాట అక్కడే తేలిపోయేది.

4. సన్న వైరు. సొలినాయిడ్‌కు వచ్చే సన్న వైరు దగ్గర టెస్ట్ లాంప్ పెట్టి తాళం తిప్పండి. లాంప్ వెలిగీ 'టక్' రాకపోతే తప్పు సొలినాయిడ్‌దే. వెలగకపోతే ఫ్యూజు, రిలే, తాళం స్విచ్ వరకు వెనక్కి వెతకాలి. ఆటోమేటిక్ బండైతే గేరు 'పీ'లోనో 'ఎన్'లోనో ఉందా, మామూలు బండైతే క్లచ్ పూర్తిగా తొక్కామా చూసుకోండి. డాష్‌బోర్డులో తాళం గుర్తు మెరుస్తూ ఉంటే ఇమ్మొబిలైజర్ మీ తాళాన్ని గుర్తించలేదు. ఇంకో తాళంతో ప్రయత్నించండి.

5. తట్టి చూడటం. ఒకరు తాళం తిప్పుతుండగా మరొకరు స్పానర్ పిడితో మోటారు బాడీని మెల్లగా తట్టండి. లేచిందంటే కార్బన్లు అరిగాయి. ఇది ఒకటి రెండుసార్లు పనిచేస్తుందంతే, నేరుగా ఆటో ఎలక్ట్రీషియన్ దగ్గరకు పోండి. కొత్త మోటార్లలో చాలావాటికి లోపల అయస్కాంతాలు ఉంటాయి, సుత్తితో కొడితే పగులుతాయి.

ఇవి చేయకండి

స్క్రూడ్రైవర్‌తో సొలినాయిడ్ బోల్టులు రెండూ కలిపి స్టార్ట్ చేయడం చాలా వర్క్‌షాపుల్లో చూస్తాం. బండి గేరులో ఉంటే ఎదురుగా నిలబడినవాళ్ల మీదికి దూకుతుంది. ఇంట్లో ఎవరినీ అలా చేయనివ్వకండి.

వానకు నీళ్లలో ఆగిపోయిన బండికి మళ్లీ తాళం తిప్పవద్దు. లంకా కార్నర్ వంతెన కింద నీళ్లు నిలిచే రోజులు కోయంబత్తూరు వాళ్లకు తెలిసినవే. సిలిండర్‌లోకి నీళ్లు చేరితే అవి నొక్కుకోవు, కనెక్టింగ్ రాడ్ వంగుతుంది. సెల్ఫ్‌తో పోయేది ఇంజను దాకా వస్తుంది. బండిని లాగించుకుని పోవడమే మేలు.

ఒక్కసారికి 10 సెకన్లకు మించి తిప్పకండి, మధ్యలో అర నిమిషమైనా ఆపండి. వేడికి మోటారు కాలిపోతుంది.

తోసి స్టార్ట్ చేయడం మామూలు గేర్ల బండికే. ఇంజను ఆగి ఉన్నప్పుడు బ్రేకు, స్టీరింగు గట్టిగా ఉంటాయి కాబట్టి పల్లంలో వద్దు.

జంపర్ కేబుల్ వేసేటప్పుడు దిగిపోయిన బాటరీ పాజిటివ్, మంచి బాటరీ పాజిటివ్, మంచి బాటరీ నెగటివ్, చివరగా ఆగిన బండి ఇంజను ఇనుము, ఇదీ వరుస. చివరి కొన బాటరీ మీదే పెడితే నిప్పురవ్వ లేచి, బాటరీ వాయువు అంటుకోవచ్చు. తీసేటప్పుడు ఇదే వరుస వెనక నుంచి.

ఎలక్ట్రీషియన్ దగ్గర

"సెల్ఫ్ మార్చండి" అని చెప్పకండి. మీరు విన్నదీ, మీటరులో చూసిన అంకెలూ చెప్పండి. మోటారు విప్పాక బల్ల మీద తిప్పి చూపించమనండి. కార్బన్లు, బుష్‌లు, బెండిక్స్, సొలినాయిడ్, వీటిలో ఏది మారిస్తే సరిపోతుందో అడగండి. ఆర్మేచర్ కాలితేనో, పళ్ల దగ్గర పోత పగిలితేనో కొత్తది కొనే మాట. మార్చిన పాత సామాను తిరిగి తీసుకోండి.

మన ఎండలకు బాటరీలు తొందరగా దిగుతాయి. మూడేళ్లు దాటిన బాటరీని దూరప్రయాణానికి ముందు ఒకసారి పరీక్ష చేయించండి. చిన్న మల్టీమీటరు, 10వ నంబరు స్పానర్, గరుకు కాగితం ముక్క డిక్కీలో ఉంచుకోండి. పిల్లలకు బండి నేర్పేటప్పుడు ఈ వరుస కూడా నేర్పండి. బస్సులు నడిపి, మోటార్లు విప్పి బిగించిన తాతల ఇళ్లలో ఎర్త్ పట్టీ ఎక్కడుందో తెలియని తరం రాకూడదు.