శాసనసభలో తరిమెల నాగిరెడ్డి: 1952–1969

నైరుతి రుతుపవనం పడమటి కనుమల వద్దే చాలావరకు కురిసిపోగా, ఈశాన్య రుతుపవనం తీరం దాటి ఇంత లోపలికి వచ్చేసరికి బలహీనపడుతుంది కనుక, అనంతపురం పీఠభూమికి ఏడాదికి దక్కే వర్షం సగటున 550 మిల్లీమీటర్లు మాత్రమే. దత్త మండలాలలో, అంటే 1800లో నిజాం ఈస్టిండియా కంపెనీకి వదులుకున్న భూభాగంలో, భాగమైన ఈ సీమలో కరవు, అప్పు, భూమి ఒకే చిక్కుముడిగా ఉన్నందువల్ల, ఇక్కడినుంచి ఎన్నికైన ప్రతినిధిని అతడు చట్టసభలో ఏం మాట్లాడాడన్నదానితో పాటు, ఆ మాటవల్ల పల్లెలో ఏం మారిందన్నదానితోనూ తూచవలసి ఉంటుంది. తరిమెల నాగిరెడ్డి తనను తాను తూచుకున్నది ఈ రెండో కొలతతోనే.

1917లో తరిమెల గ్రామంలో భూస్వామ్య కుటుంబంలో పుట్టిన ఆయన రిషివ్యాలీలో, మద్రాసు లయోలా కళాశాలలో, కాశీ హిందూ విశ్వవిద్యాలయంలో చదివి కమ్యూనిస్టుగా తిరిగివచ్చాడు. రెండో ప్రపంచయుద్ధం ఆర్థిక ఫలితాలపై పుస్తకం రాసినందుకు బ్రిటిష్ ప్రభుత్వం ఆయనను జైలుకు పంపింది.

1952 ఎన్నికలలో అనంతపురం నియోజకవర్గం ఆయనను మద్రాసు శాసనసభకు పంపింది. ఓడిన కాంగ్రెస్ అభ్యర్థి నీలం సంజీవరెడ్డి. ఈయన నాగిరెడ్డి సోదరి నాగరత్నమ్మ భర్త, తరువాతి కాలంలో ఆంధ్రప్రదేశ్ తొలి ముఖ్యమంత్రి, 1977లో రాష్ట్రపతి. బంధుత్వం కారణంగా ఈ పోటీ కథలా చెప్పుకోబడుతూ వచ్చింది గాని, దాని అసలు ప్రాముఖ్యం వేరు: 375 స్థానాల ఆ సభలో కాంగ్రెస్ 152కే పరిమితమై ఆధిక్యం కోల్పోగా, 62 స్థానాలు గెలిచిన కమ్యూనిస్టులకు చట్టసభ ద్వారానే మార్పు సాధ్యమన్న ఆశ కలిగింది. ఆ ఆశ ఎక్కువకాలం నిలవలేదు. 1955 ఆంధ్ర రాష్ట్ర ఎన్నికలలో 196 స్థానాలకు గాను పార్టీకి దక్కినవి 15.

నాగిరెడ్డి మాత్రం 1957లో అనంతపురం నుంచి లోక్‌సభకు, 1962లో పుట్లూరు నుంచి రాష్ట్ర శాసనసభకు ఎన్నికయ్యాడు. 1964లో పార్టీ చీలినప్పుడు మార్క్సిస్టు పార్టీ వైపు నిలిచి, 1967లో తిరిగి అనంతపురం నుంచి గెలిచాడు. ఆ ఏడాది 287 మంది సభ్యుల సభలో ఆయన పార్టీ బలం తొమ్మిది. పార్టీ గుర్తు మారినా, బలం తగ్గినా ఓటరు ఆయనను వదలలేదన్నది గమనించవలసిన విషయం. ఇది పార్టీ గాలికి వచ్చిన గెలుపు కాదు, మనిషిపై ఏర్పడిన నమ్మకం.

1968లో బర్ద్వాన్ ప్లీనం, అంటే పార్టీ సిద్ధాంత పంథాను తేల్చడానికి జరిగిన ప్రత్యేక సమావేశం, తరువాత దేవులపల్లి వెంకటేశ్వరరావు, చండ్ర పుల్లారెడ్డి ప్రభృతులైన సహచర నాయకులతో కలిసి ఆయన పార్టీకి దూరమై, విప్లవ కమ్యూనిస్టుల సమన్వయ కమిటీ నిర్మాణంలో ముందు నిలిచాడు. 1969లో, భూమి సమస్యకు ఈ సభ పరిష్కారం చూపలేదని, ప్రజాపోరాటమే మార్గమని చెప్పి సభ్యత్వానికి రాజీనామా చేశాడు. దీనిని ఆవేశంగా చూడడం పొరపాటు. సభ నియమాలను, దాని హద్దులను లోపలినుంచి ఎరిగిన మనిషి పదిహేడేళ్ల అనుభవం మీద ఇచ్చిన తీర్పు అది. ఆ తీర్పుతో ఏకీభవించనివారు కూడా, గెలిచే స్థానాన్ని చేతులారా వదులుకున్న ఆ నిజాయితీని కాదనలేరు.

అదే ఏడాది చివర అరెస్టయిన నాగిరెడ్డి హైదరాబాద్ కుట్ర కేసులో న్యాయస్థానం ముందుంచిన వాదనే ‘తాకట్టులో భారతదేశం’ గ్రంథమైంది. ఆ తరువాత జైలు నుంచి బయటికి వచ్చి, అత్యవసర పరిస్థితి కాలంలో అజ్ఞాతంలో ఉంటూనే 1976 జూలై 28న ఆయన మరణించాడు.