చలిని వెతుక్కున్న ద్రాక్ష

1679లో మద్రాసు గవర్నరు స్ట్రేన్‌షామ్ మాస్టర్ బందరు చుట్టుపక్కల ఈస్టిండియా కంపెనీ వ్యవహారాలు చూసుకుంటూ ఏలూరు వచ్చాడు. ఊళ్లో తివాచీల మగ్గాలు చూసి ముచ్చటపడ్డాడు. నేసేవాళ్లు పర్షియా సంతతి అని, నూరేళ్లకు పైబడి ఇక్కడే ఉంటున్నారని విని తన దినచర్యలో రాసుకున్నాడు.

ఏలూరుకు పర్షియా అంత దూరపు దేశమేమీ కాదు. గోల్కొండ సుల్తానులకు బందరు, అంటే మచిలీపట్నం, ప్రధాన రేవు. డచ్చివాళ్లు 1605 నాటికే అక్కడికి చేరారు, ఇంగ్లీషువాళ్లు 1611లో కోఠీ పెట్టారు. ఆ రేవు నుంచి కలంకారీ బట్టలు పర్షియాలోని బందర్ అబ్బాస్‌కు పోయేవి. అటు నుంచి గుర్రాలు, పన్నీరు, ఎండు పళ్లు వచ్చేవి. ఆ కాలంలో పర్షియా సరుకుల్లో పేరుమోసింది మరొకటుంది: షిరాజ్ నగరపు వైన్.

జాన్ ఫ్రయర్ అనే కంపెనీ వైద్యుడు ఈ రెండు ఊళ్లూ చూశాడు. 1673లో మచిలీపట్నంలో దిగినవాడు, 1677లో షిరాజ్ చేరాడు. అక్కడ వైన్ తయారీ ఎక్కువగా ఆర్మేనియన్, యూదు కుటుంబాల చేతిలో ఉండేది. ఇంగ్లీషు, డచ్చి కంపెనీలు ప్రత్యేక అనుమతులతో తమకు కావలసింది తీయించుకునేవి. గాజు సీసాలను గడ్డిలో చుట్టి, పెట్టెల్లో సర్ది రేవుకు దించేవారు. 1689లో సూరత్‌కు బయలుదేరిన ఇంగ్లీషు యాత్రికుడు ఒవింగ్టన్, అక్కడి కంపెనీ భోజనాల బల్ల మీద షిరాజ్ వైన్ ఉందని రాశాడు.

సామాన్యుడి పానీయం మాత్రం కల్లే. గోల్కొండ రాజధానికి రోజూ వందల గుర్రాల మీద తోలు తిత్తుల్లో కల్లు వచ్చేదని, దాని మీద పన్నుతో రాజుకు మంచి రాబడి ఉండేదని ఫ్రెంచి వ్యాపారి టావెర్నియర్ రాశాడు. తెల్లవారుజామున దించిన కల్లు ఎండెక్కేసరికి పులిసిపోతుంది. దాన్ని వారాల తరబడి ఓడల్లో తిప్పడం కుదరదు. ద్రాక్ష వైన్‌కి దూరదేశాల్లో విలువ తెచ్చింది ఈ నిలవ గుణమే.

మరి ద్రాక్ష ఇక్కడే పండదా? ఏలూరుకీ కొల్లేరుకీ మధ్యనున్న పెదపాడు పొలాల్లో నిలబడి చూస్తే జవాబు తేలిగ్గానే దొరుకుతుంది. వరి, చేపల చెరువులు, గట్ల మీద తాడిచెట్లు; నేల సముద్రమట్టానికి కొద్ది మీటర్ల ఎత్తులోనే ఉంటుంది. గాలిలో తేమ ఏడాదిలో ఎక్కువ కాలం తగ్గదు. పైగా అక్టోబరు, నవంబరు అంటే వాయుగుండాల నెలలు. శీతాకాలపు పంట కావాలంటే సరిగ్గా అప్పుడే ద్రాక్ష తీగ లేత చిగురు వేయాలి. ఆ చిగురు తడిస్తే బూజు తెగులు పట్టి పంటే పోతుంది.

గోల్కొండ పీఠభూమి సంగతి వేరు. 1660లలో అక్కడికి వచ్చిన ఫ్రెంచి యాత్రికుడు తెవెనో తోటల గురించి ఆసక్తికరమైన విషయం చెప్పాడు. ద్రాక్ష జనవరిలోనే పండుతుంది. తోట ఏ వైపుకు తిరిగి ఉందన్నదాన్ని బట్టి కొన్నిచోట్ల ఏప్రిల్ దాకా కోస్తారు. ఆ పళ్లతో తెల్ల వైన్ తీస్తారు. యూరప్‌లో ద్రాక్ష కోత సెప్టెంబరు, అక్టోబరు పని. దక్కనులో వేసవి ఎండ ద్రాక్షకు మరీ ఎక్కువ, వర్షాకాలం అంతకన్నా ప్రమాదం. అందుకే కాయ ఊరడానికి, రంగెక్కడానికి మిగిలింది శీతాకాలమే.

ఈ కిటుకునే హైదరాబాద్ రైతులు తర్వాత శాస్త్రంగా మార్చారు. 19వ శతాబ్ది చివర్లో అబ్దుల్ బాకర్ ఖాన్ తెచ్చినట్టు చెప్పే అనాబ్-ఎ-షాహీ రకం నగర శివార్లలో పందిళ్లెక్కి పాకింది. ఏడాదికి రెండు కత్తిరింపులు, పంట మాత్రం ఒక్కటే. ఏప్రిల్ కత్తిరింపు కొమ్మను బలపరచడానికి, అక్టోబరు కత్తిరింపు కాపుకు. చలిదేశాల్లో తీగ శీతాకాలమంతా ఆకు రాల్చి నిద్రపోతుంది. ఇక్కడ నిద్ర లేదు. రైతు కత్తెరే దానికి ఋతువు.

ఇప్పుడు చాలా దేశాల్లో షిరాజ్ అంటున్న ఎర్ర ద్రాక్షది మాత్రం పర్షియా కాదు. 1998లో డీఎన్ఏ పరీక్షలు దాని తల్లిదండ్రులను తేల్చాయి: ఆగ్నేయ ఫ్రాన్స్‌కు చెందిన దురేజా, మొందూజ్ బ్లాంష్ అనే రెండు పాత రకాలు. ఫ్రాన్స్‌లో దాన్ని సిరా అంటారు. 1832లో జేమ్స్ బజ్బీ తెచ్చిన కొమ్మలతో అది ఆస్ట్రేలియాలో నాటుకుంది. చలినీ వేడినీ ఒకే సీసాలో కలిపే విద్య బాగా ముదిరింది అక్కడే.

అడిలైడ్‌కు ఉత్తరాన బరోసా లోయ వెచ్చన. దాన్ని ఆనుకున్న ఈడెన్ లోయ పేరుకే లోయ, నిజానికి ఎత్తయిన కొండ ప్రాంతం, చల్లన. బరోసా ద్రాక్షలో చక్కెర తొందరగా పెరుగుతుంది. ఆ చక్కెరే పులిసి ఆల్కహాల్ అవుతుంది కాబట్టి వైన్‌కి చిక్కదనం వస్తుంది, బాగా మాగిన నల్ల పళ్ల వాసన వస్తుంది. అయితే వేడికి కాయలోని పులుపు కరిగిపోతుంది. చలి తోటలో కాయ నెమ్మదిగా పండి పులుపును నిలుపుకుంటుంది, దానికి మిరియపు ఘాటు తోడవుతుంది. ఆ ఘాటుకు కారణం రోటండోన్ అనే పదార్థమని 2008లో ఆస్ట్రేలియా వైన్ పరిశోధన సంస్థ శాస్త్రవేత్తలు ప్రకటించారు. మన మిరియాలకు వాసన ఇచ్చే పదార్థమూ అదే. చలి ప్రాంతాల షిరాజ్‌లో అది ఎక్కువగా కనిపిస్తుంది.

అందుకే తయారీదారు ఏ తోట ద్రాక్షను ఆ తోటదిగానే విడిగా పులియబెట్టి, పీపాల్లో మాగబెట్టి, రుచి చూసి పాళ్లు నిర్ణయిస్తాడు. ఒళ్లు వేడి తోటది, చురుకు చలి తోటది. పెన్‌ఫోల్డ్స్ సంస్థలో మాక్స్ షూబర్ట్ 1951లో మొదలుపెట్టిన గ్రాంజ్ వైన్ ఒక్క తోటకు కట్టుబడకుండా పలు ప్రాంతాల షిరాజ్‌ను కలిపే పద్ధతికి పేరుపడింది. తొలి రుచి చాలామందికి నచ్చక 1957లో యాజమాన్యం ఆపేయమంది. ఆయన మూడేళ్లు గుట్టుగా తీశాడు. ఈలోగా పాత సీసాలు మాగి మెప్పు పొందడంతో 1960లో మళ్లీ అనుమతి వచ్చింది.

హైదరాబాద్ పందిళ్లు నగరం పెరిగేకొద్దీ ప్లాట్లకు దారిచ్చాయి. దేశంలో వైన్ ద్రాక్ష నాసిక్, బెంగళూరు వైపు నిలదొక్కుకుంది. అక్కడ కూడా రెండు కత్తిరింపుల పద్ధతే, కోత జనవరి నుంచి మార్చి దాకా. నాసిక్ దాదాపు 600 మీటర్ల ఎత్తు, నంది కొండల దిగువ తోటలు 900 మీటర్ల చుట్టూ. 2012లో నంది కొండల గ్రోవర్ సంస్థ, నాసిక్ వైపున్న జాంపా వైన్ల సంస్థ ఒకటయ్యాయి. దాంతో రెండు ఎత్తుల తోటలు ఒకే కంపెనీ చేతికి వచ్చాయి. నెలను చూసి చలిని పట్టుకున్న దక్కను రైతు పద్ధతికి, ఎత్తును చూసి పట్టుకునే వీలు కూడా తోడైంది.