ఇంజిను మారిన కొద్దీ: రాయలసీమ దారుల్లో మైలేజీ, పొగ

కారు ఇంజిను చరిత్రను సాధారణంగా మైలేజీ పెరిగిన చరిత్రగానే చెబుతుంటారు. కాని లీటరుకు ఎన్ని కిలోమీటర్లు వస్తాయన్నది ఒక లెక్క, పొగగొట్టం నుంచి ఏమేమి బయటపడుతున్నాయన్నది వేరొక లెక్క. ఈ రెండూ కొంతకాలం కలిసి నడిచి, మరికొంతకాలం ఒకదానికొకటి ఎదురు తిరిగాయని గమనిస్తే తప్ప ఆ చరిత్ర పూర్తిగా బోధపడదు. వేసవిలో నలభై డిగ్రీలు దాటే ఎండా, ఎర్రమల కొండల ఎత్తుపల్లాలూ ఉన్న కడప, కర్నూలు సీమలో ఈ రెండు లెక్కలూ మరింత స్పష్టంగా కనిపిస్తాయి.

1950ల చివర మొదలై 2014 వరకు తయారైన అంబాసిడర్‌లో దశాబ్దాల పాటు ఉన్నది 1,489 సి.సి. బ్రిటిష్ ఇంజిను. అందులో పెట్రోలును గాలితో కలిపే పని కార్బురేటరుది: ఇరుకు గొంతులోంచి వేగంగా దూసుకుపోయే గాలి సన్నని రంధ్రం గుండా పెట్రోలును తనతో లాక్కుపోతుంది. జమ్మలమడుగు నుంచి గండికోటకు ఎక్కే దారిలో ఇంజినుకు కావలసిన మిశ్రమం వేరు, పెన్న ఒడ్డున చదును రోడ్డు మీద కావలసింది వేరు. ఒక్క మర బిగింపుతో రెండింటినీ సరిపెట్టవలసి రావడంతో మెకానిక్కులు పెట్రోలు కాస్త ఎక్కువ పడేలా అమర్చేవారు. పూర్తిగా కాలని ఆ పెట్రోలు కార్బన్ మోనాక్సైడుగా, హైడ్రోకార్బన్లుగా వెలుపలికి పోయేది. ఎండకు గొట్టంలోని పెట్రోలు ఆవిరై బండి ఆగిపోతే, డ్రైవర్లు పెట్రోలు పంపు మీద తడిగుడ్డ కప్పి, అది చల్లారే దాకా చెట్టు నీడన కూర్చునేవారు.

1983 డిసెంబరులో వచ్చిన మారుతి 800 మూడు సిలిండర్ల 796 సి.సి. ఇంజినుతో మైలేజీని పెంచిందంటే, అందులో బండి తేలికదనానిదే పెద్ద వాటా. అసలైన మలుపు చట్టం వల్ల వచ్చింది. పొగలోని విషవాయువులను హానిలేనివిగా మార్చే కెటలిటిక్ కన్వర్టరును 1995లో మహానగరాల్లో తప్పనిసరి చేశారు; దానిని పాడుచేసే సీసం కలిసిన పెట్రోలును 2000 ఫిబ్రవరిలో దేశమంతటా నిలిపివేశారు. ఆ కన్వర్టరు సరిగా పనిచేయాలంటే బరువులో పెట్రోలు ఒక పాలుకు గాలి 14.7 పాళ్లు ఉండాలి. కార్బురేటరుకు అంత ఖచ్చితత్వం సాధ్యం కాదు. అందువల్ల పొగలోని ఆక్సిజనును కొలిచే సెన్సరూ, ఆ కొలతను బట్టి ఒక్కో సిలిండరుకూ పెట్రోలు చిమ్మించే కంప్యూటరూ వచ్చాయి. పొగ తగ్గించడానికి పెట్టిన నిబంధనే వృథాను అరికట్టి మైలేజీని కూడా పెంచింది.

డీజిల్ విషయంలో ఈ రెండు లెక్కలూ ఎదురు తిరిగాయి. గాలిని బాగా అదిమి, ఆ వేడికే ఇంధనం అంటుకునేలా చేసే ఈ ఇంజిను తక్కువ ఇంధనంతో ఎక్కువ పని చేస్తుంది. కాని ఆ వేడిలోనే, మిగులు గాలిలోనే నైట్రోజన్ ఆక్సైడులు పుడతాయి, ఇంధనం సరిగా కలవని చోట మసి ఏర్పడుతుంది. అధిక ఒత్తిడితో డీజిల్‌ను చిమ్మే కామన్ రైల్ పద్ధతి 2000ల తొలినాళ్లలో మన కార్లలోకి వచ్చి నల్లపొగను తగ్గించింది గాని నైట్రోజన్ ఆక్సైడులను వదిలించలేకపోయింది. ఇక్కడ ఒక అన్యాయాన్ని చెప్పక తప్పదు: హైదరాబాదుకు 2010లోనే భారత్ స్టేజ్ 4 పొగ ప్రమాణాలు వర్తించగా, అవి దేశమంతటికీ విస్తరించడానికి 2017 వరకు పట్టింది. గంధకం తక్కువున్న డీజిల్ అన్ని చోట్లా దొరకదన్నది అందుకు చెప్పిన కారణం. పల్లెవాసుల ఊపిరితిత్తులకు ఆ కారణంతో పని లేదు.

2020 ఏప్రిల్‌లో, ఐదో మెట్టు దాటేసి, స్టేజ్ 6 ఒకేసారి దేశమంతటా అమలైంది. డీజిల్ కారు కిలోమీటరుకు వదలదగిన నైట్రోజన్ ఆక్సైడులు 250 నుంచి 80 మిల్లీగ్రాములకూ, మసి 25 నుంచి 4.5 మిల్లీగ్రాములకూ, ఇంధనంలోని గంధకం పది లక్షల పాళ్లలో 50 నుంచి 10కీ దిగాయి. పెనుకొండ దగ్గరి కియా కర్మాగారంలో తయారై 2019 ఆగస్టులో మార్కెట్టుకు వచ్చిన సెల్టోస్ గడువుకు ముందే ఈ ప్రమాణాన్ని అందుకుంది. శ్రీసిటీలోని ఇసుజు 2021లో తన వి-క్రాస్ పికప్‌లో 2.5 లీటర్ల ఇంజిను స్థానంలో 1.9 లీటర్లది పెట్టింది. పరిమాణం తగ్గినా శక్తి పెరిగింది. అయితే ఈ శుభ్రతకు కొంత మూల్యం ఉంది: మసిని పట్టే ఫిల్టరు నిండినప్పుడల్లా దానిని కాల్చివేయడానికి ఇంజిను అదనంగా డీజిల్ ఖర్చు చేస్తుంది.

ఇంజిన్లు సాధించిన ఆదాలో కొంత భాగాన్ని ఎత్తైన, బరువైన ఎస్‌యూవీలు మింగేశాయి. మరోవైపు 2022–23 నుంచి ఒక్కో కంపెనీ అమ్మే కార్లన్నిటి సగటు కార్బన్ డయాక్సైడుకు కిలోమీటరుకు సుమారు 113 గ్రాముల పరిమితి విధించారు. 2023 ఏప్రిల్ నుంచి ప్రయోగశాల పరీక్షతో సరిపెట్టకుండా, కొలిచే పరికరాన్ని బండికే తగిలించి నిజమైన రోడ్డు మీద నడిపి చూడాలన్న నియమమూ వచ్చింది. గండికోట ఎక్కే దారి లాంటి దారులను లెక్కలోకి తీసుకునే నియమం ఎన్నడో రావలసింది. ఇప్పుడు 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలు మళ్లీ లెక్క మార్చింది. లీటరు ఇథనాల్‌లో ఉండే శక్తి పెట్రోలులో మూడింట రెండు వంతులే. కాని ఎక్కువ అదిమినా ముందుగా అంటుకోని గుణం దానికి ఉంది కాబట్టి, దాని కోసమే రూపొందించిన ఇంజిను ఆ నష్టంలో కొంత రాబట్టుకోగలదు, పాత ఇంజినుకు ఆ వీలు లేదు.