ఎవరో కుట్టించుకున్న కోటు

1968. లండన్‌లో ఆంథొనీ సింక్లెయిర్ దర్జీ దుకాణం. షాన్ కానరీకి జేమ్స్ బాండ్ సూట్లు కుట్టింది ఈయనే. లోపలికి ముప్పై నిండని ఓ ఆరడుగుల మనిషి వచ్చాడు. సూటు కావాలి, వెంటనే కావాలి. అలా కుదరదన్నాడు దర్జీ. కొలతలు తీయాలి, కత్తిరించాలి, రెండుసార్లు తొడిగి చూడాలి. వచ్చినవాడి కళ్లు మాత్రం ఓ మూల వేలాడుతున్న సూటు మీద పడ్డాయి. కానరీ కుట్టించుకుని, తీసుకెళ్లకుండా వదిలేసింది. తొడుక్కున్నాడు. భుజాల దగ్గర బిగుతు కాలేదు, చేతుల దగ్గర పొట్టి కాలేదు.

అతని పేరు జార్జ్ లాజెన్‌బీ. ఆస్ట్రేలియాలో కార్లు రిపేరు చేశాడు, కార్లు అమ్మాడు. లండన్ వచ్చి ఇక్కడా కార్లే అమ్మాడు. ఎవరో ఫొటోలు తీస్తే మోడల్ అయ్యాడు. బ్రిటన్ టీవీలో ఓ చాక్లెట్ ప్రకటనలో జనం అతని మొహం చూశారు. నటన అంటే అంతవరకే.

సూటు తర్వాత చేతికి రోలెక్స్ వాచీ. ఆ తర్వాత డార్చెస్టర్ హోటల్లో క్షవరం. బాండ్ సినిమాల నిర్మాతల్లో ఒకడైన ఆల్బర్ట్ బ్రకొలీ జుట్టు కత్తిరించుకునేది అక్కడే. అక్కణ్ణుంచి రెండో నిర్మాత హ్యారీ సాల్ట్‌జ్‌మన్ ఆఫీసుకి. రిసెప్షన్లో అమ్మాయి అటు తిరగ్గానే మెట్లెక్కేశాడట. గుమ్మానికి ఆనుకుని, జేమ్స్ బాండ్ కోసం వెతుకుతున్నారని విన్నాను అన్నాడట. ఫలానా దేశంలో ఫలానా సినిమాలు చేశానని వరసబెట్టి అబద్ధాలు చెప్పాడట. ఈ 'ట'లన్నీ లాజెన్‌బీవే. యాభై ఏళ్లుగా ఇంటర్వ్యూల్లో ఈ కథ చెబుతూనే ఉన్నాడు. చెప్పినప్పుడల్లా కొంచెం మెరుగు పడి ఉంటుందని నా అనుమానం. కానీ సూటు మాత్రం నిజమే.

అటువైపు నిర్మాతల కష్టం చూడండి. 1962లో 'డాక్టర్ నో' నుంచి 1967లో 'యూ ఓన్లీ లివ్ ట్వైస్' దాకా ఐదు సినిమాల్లో బాండ్ అంటే కానరీ, కానరీ అంటే బాండ్. ఆ ఐదోది తీస్తుండగానే కానరీ ఇక చాలన్నాడు. హీరో పోయాడు, పాత్ర మిగిలింది. ఇలాంటి చిక్కు మనకు రాదు, ఎందుకంటే మన దగ్గర లెక్క తిరగబడి ఉంటుంది. 1966లో 'గూఢచారి 116' వచ్చింది. ఆ తర్వాత జనం 116 కోసం ఎదురుచూడలేదు, కృష్ణ కోసం చూశారు. ఆంధ్రా జేమ్స్ బాండ్ అన్న బిరుదు నంబరుకి కాదు, మనిషికి అంటుకుంది. లండన్ నిర్మాతలకు మనిషి మారినా నంబరు బతకాలి.

కొత్త సినిమా 'ఆన్ హర్ మెజెస్టీస్ సీక్రెట్ సర్వీస్'. దర్శకుడు పీటర్ హంట్ అంతకుముందు బాండ్ సినిమాల ఎడిటర్, దర్శకత్వం ఇదే మొదలు. లాజెన్‌బీ ఆయన దగ్గర నిజం ఒప్పేసుకున్నాడు, జీవితంలో నటించలేదని. హంట్ పగలబడి నవ్వాడు. అంత గట్టి నిర్మాతలిద్దర్నీ బోల్తా కొట్టించినవాడివి నటుడివి కాకపోవడమేంటి, అదే అబద్ధం మీద నిలబడు, బాండ్‌ని చేసే పూచీ నాది అన్నాడట. స్క్రీన్ టెస్ట్‌లో ఉత్తుత్తి ఫైటింగు పెడితే లాజెన్‌బీ నిజంగానే గుద్ది ఎదుటివాడి ముక్కు పగలగొట్టాడు. పాత్ర ఖాయమైపోయింది.

మన షూటింగుల్లో అసిస్టెంట్ డైరెక్టర్ తినే చీవాట్లలో సగం కంటిన్యూటీ గురించే. నిన్నటి షాట్‌లో మడిచిన చొక్కా చేతులు ఇవాళ ఎందుకు దిగాయని. ఇక్కడ మొహమే మారిపోయింది. బాండ్ ప్లాస్టిక్ సర్జరీ చేయించుకున్నాడని ఓ సీను పెడదామా అని మొదట్లో అనుకున్నారు. తర్వాత మానేశారు. దానికి బదులు సినిమా మొదట్లోనే బాండ్ సముద్రంలోకి దిగబోతున్న అమ్మాయిని కాపాడతాడు, రౌడీలతో కలబడతాడు. తీరా ఆ అమ్మాయి థాంక్స్ కూడా చెప్పకుండా కారెక్కి వెళ్లిపోతుంది. అప్పుడు లాజెన్‌బీ దాదాపు మన కళ్లలోకే చూస్తూ, ముందటి ఆయనకు ఇలా ఎన్నడూ జరగలేదన్న అర్థంలో ఓ మాట అంటాడు. హాల్లో జనం అనుకుంటున్నదే తనూ అనేశాడు.

ఆ వెంటనే టైటిల్స్‌లో పాత సినిమాల దృశ్యాలు. ఇంకాసేపటికి మరో సీను. బాండ్ రాజీనామాకి సిద్ధపడి తన బల్ల సొరుగు లాగుతాడు. లోపల 'డాక్టర్ నో'లో ఉర్సులా ఆండ్రెస్ నడుముకు కట్టుకున్న కత్తి, రెండో సినిమాలో విలన్ మెడకు బిగించడానికి వాడిన తీగ వాచీ, 'థండర్‌బాల్'లో నీళ్లకింద ఊపిరి పీల్చిన చిన్న గొట్టం. ఒక్కో వస్తువూ చేతికి రాగానే వెనక ఆ సినిమా సంగీతం. నాలుగు మాటల డైలాగు కూడా లేదు. అవి కానరీ జ్ఞాపకాలు, పట్టుకున్న చేతులు లాజెన్‌బీవి. ఇంటి తాళం కొత్తవాడికి అప్పగించడానికి ఇంతకంటే శుభ్రమైన పద్ధతి నాకు తెలీదు.

అయితే ఒకచోట బొక్కబోర్లా పడ్డారు. కిందటి సినిమాలో బాండ్, విలన్ బ్లోఫెల్డ్ ఎదురెదురుగా నిలబడి మాట్లాడుకున్నారు. ఈ సినిమాలో స్విస్ కొండ మీద అదే బ్లోఫెల్డ్, కళ్లజోడు పెట్టుకుని మారుపేరుతో వచ్చిన బాండ్‌ని గుర్తుపట్టడు! కారణం పుస్తకాలు. ఇయాన్ ఫ్లెమింగ్ బాండ్ నవలల్లో ఇది 1963లో వచ్చింది, 'యూ ఓన్లీ లివ్ ట్వైస్' 1964లో. సినిమాలు తిరగేసి తీశారు. హీరో బుగ్గ మీద పుట్టుమచ్చ అంటించుకుంటే విలన్ బోల్తా పడటం మన సొంత ఆస్తి అనుకునేవాణ్ణి. పోనీ, బ్లోఫెల్డ్ కూడా పాతవాడు కాదు. అక్కడ డొనాల్డ్ ప్లెజెన్స్, ఇక్కడ టెలీ సవాలస్. మారువేషంలో ఉన్నంతసేపు లాజెన్‌బీ గొంతు కూడా అరువే, జార్జ్ బేకర్ అనే నటుడిది.

1969. పోర్చుగల్ కొండదారి. షూటింగు చివరికొచ్చింది. కథలో బాండ్, మొదట్లో సముద్రం దగ్గర కాపాడిన ఆ అమ్మాయి ట్రేసీని పెళ్లాడాడు. ఆ పాత్ర డయానా రిగ్‌ది. పూలతో అలంకరించిన కారు రోడ్డు పక్కన ఆగింది. తుపాకీ పేలింది. కొత్త పెళ్లికూతురు ఒరిగిపోయింది. అబద్ధాలాడి వచ్చిన కార్ల సేల్స్‌మన్ మొదటి టేక్‌లో నిజంగా ఏడ్చేశాడు. హంట్ ఒప్పుకోలేదు, బాండ్ ఏడవడు అన్నాడు. మళ్లీ తీశారు, కన్నీళ్లు లేకుండా. ఇప్పుడు సినిమాలో ఉన్నది ఆ రెండోదే. అతను ఆమె మీదికి వాలి మొహం దాచుకుంటాడు, చివరికి తూటా తగిలిన కారు అద్దం ఒక్కటే మిగులుతుంది.

అప్పటికే లాజెన్‌బీ మనసు వేరేచోట ఉంది. ఏడు సినిమాలకు ఒప్పందం ఇస్తామన్నారు. రేడియో కారొలైన్ పెట్టిన రోనన్ ఓరాహిలీ అతనికి సలహాదారు. హిప్పీల కాలంలో టై కట్టుకున్న గూఢచారిని ఎవడు చూస్తాడు, బాండ్ పని అయిపోయింది అన్నాడు. లాజెన్‌బీ నమ్మాడు. సినిమా విడుదలకు ముందే మానేస్తున్నానని చెప్పేశాడు. డిసెంబరులో లండన్ ప్రీమియర్‌కి గడ్డం, పొడుగు జుట్టుతో వచ్చాడు. నిర్మాతల కడుపు మండిందంటే మండదూ మరి.

కానరీని 12 లక్షల 50 వేల డాలర్లిచ్చి వెనక్కి తెచ్చారు. 1971లో వచ్చిన 'డైమండ్స్ ఆర్ ఫరెవర్'లో చచ్చిపోయిన భార్య ఊసే లేదు. బ్లోఫెల్డ్ మళ్లీ మారాడు. ఈసారి చార్లెస్ గ్రే, రెండు సినిమాల కిందట బాండ్‌కి సాయం చేసి హత్యకు గురైన మంచాయన!

ఇంతమంది మారుతున్నా ఆఫీసు మారలేదు. పై అధికారి ఎమ్‌గా బెర్నార్డ్ లీ, ఆయన సెక్రటరీ మనీపెన్నీగా లోయిస్ మాక్స్‌వెల్, పరికరాలిచ్చే క్యూగా డెస్మండ్ లెవెలిన్ అదే బల్లల వెనక ఉన్నారు. పై అధికారి అదే చిరాకుతో ఫైలు విసిరితే, అందుకున్నవాడే బాండ్.

1973లో రోజర్ మూర్ వచ్చాడు. 1981లో 'ఫర్ యువర్ ఐస్ ఓన్లీ' మొదలవడమే ఓ శ్మశానంలో. బాండ్ చేతిలో పూలు. రాతి మీద ట్రేసీ పూర్తి పేరు: టెరీసా బాండ్, 1943–1969. మూర్ మళ్లీ చేస్తాడో లేదో తేలని రోజుల్లో, కొత్తవాడొస్తే పాతకథకు ముడివేయడానికని రాసుకున్న సీను అది. చివరికి మూరే చేశాడు. లాజెన్‌బీ కట్టిన తాళికి మూర్ పూలు పెట్టాడు. 1989లో పెళ్లి మాట రాగానే ముభావంగా తప్పుకున్నది టిమొథీ డాల్టన్, బాండ్ ఒకప్పుడు పెళ్లయినవాడని ఆ వెనకే మిత్రుడు చెప్పాడు. 2006లో డేనియల్ క్రెయిగ్‌తో లెక్క మొదటికి తెచ్చి, పాతవన్నీ కొట్టేశారు. అయినా క్రెయిగ్ ఆఖరి సినిమా 'నో టైమ్ టు డై' 2021లో ముగిసేటప్పుడు వినిపించింది లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్ పాట. 1969లో లాజెన్‌బీ, రిగ్‌ల ప్రేమకోసం పాడింది.

జార్జ్ లాజెన్‌బీ 2024 జులైలో, 84 ఏళ్ల వయసులో, పని నుంచి విరమిస్తున్నట్టు ప్రకటించాడు. బాండ్‌గా అతను చేసింది ఒక్కటే సినిమా.