హోప్ దీవి: తుపాకి నుండి ఛాయాచిత్రము దాక

తాండవనదికి ఇవలి గట్టున గోదావరి సీమకు ఉత్తరపు సరిహద్దుగా నిలిచిన తునిపట్టణము నుండి దక్షిణముగా పయనించి, కాకినాడ రేవులో పడవ యెక్కి సాగినచో, అఖాతమునకు అడ్డుగోడవలె సుమారు 16 కిలోమీటర్ల పొడవున పఱచుకొనియున్న యిసుకదీవి కానవచ్చును. హోప్ ఐలాండ్ అని వ్యవహరింపబడు ఈ దీవికి సెలవుదినములలో కెమెరాలు భుజమున వేసికొని పక్షుల కొఱకు వచ్చెడి మనవారు, తమ చేతనున్న విద్యకు ఈ తీరమున ఎంతటి పూర్వచరిత్ర కలదో తెలిసికొనుట మేలు.

దీవి అంత పురాతనమైనది కాదు. గోదావరి మోసికొనివచ్చు ఒండ్రును, ఇసుకను తీరప్రవాహములు ఉత్తరమునకు నెట్టుచుండగా, గడచిన రెండు శతాబ్దములలో క్రమముగా రూపుదాల్చినది. దాని వెనుకనున్న కోరంగి ఒకప్పుడు ఓడల నిర్మాణమునకు దేశాంతరములందు పేరొందిన రేవు. 1789లోను, 1839లోను విరుచుకుపడిన ఉప్పెనలకు అది చితికిపోయెను. జనులు విడిచిన ఆ సీమను మడ అడవి కాపాడుకొనెను. 1978లో ప్రభుత్వము దానిని అభయారణ్యముగా ప్రకటించెను.

ఇక పక్షుల విద్యకు వచ్చినచో, పక్షిని ఎఱుగవలెనన్న దానిని చంపక తప్పదని పండితులు తలచిన కాల మొకటి యుండెను. తోలు వలిచి, దూది కూరి, కాలికి చీటి కట్టి భద్రపఱచుటయే నాటి పద్ధతి. నెల్లూరున వైద్యుడుగా పనిచేసిన జెర్డాన్ దొర 1843 మొదలు 1847 వఱకు మదరాసున వెలువరించిన పక్షిచిత్రసంపుటమునకు ఈ దేశపు చిత్రకారుల కుంచెలే ఆధారమయ్యెను. ఆయన పేర ప్రసిద్ధమైన కలివికోడి 1900 తరువాత ఎవరి కంటను పడక, నశించినదనియే అందఱును నమ్మియుండగా, 1986లో కడపజిల్లా రెడ్డిపల్లె పరిసరములందు మరల దొరకెను; బొంబాయి ప్రకృతిచరిత్ర సంఘమువారి అన్వేషణ ఫలించుటకు, ఆ పొదల జాడ లెఱిగిన స్థానికుడైన వేటగాని నేర్పే తోడ్పడెను.

కొల్లేటి సమీపమున ఆరేడు గ్రామమందు 1946లో కె.కె. నీలకంఠన్ అను కేరళీయుడు గూడబాతుల కొలువును కనుగొని, దాని వృత్తాంతమును వ్రాసి ప్రకటించెను. నాడు దాదాపు 3,000 పక్షులు అచట గూళ్లు కట్టుచుండెను. తరువాతి దశాబ్దములలో ఆ కొలువు అంతరించెను. ఆ వ్రాత లేకున్నచో, అంతటి పక్షిసంపద అచట నుండెననుటకు నేడు మనకు నిదర్శన మేది?

హోప్ దీవి కడ కెమెరా పట్టినవానికి మొదటి గురువు పడవ నడుపు సరంగే. పాటు మొదలై నీరు వెనుకకు తగ్గినపుడు బురదమేట బయటపడును. అపుడు ఉల్లంకులు వేలకొలదిగా దిగి, ముక్కులు బురదలో గ్రుచ్చి పురుగులను వెదకుచు, ఎదుటనున్న మనుష్యుని సయితము మఱచును. పోటు వచ్చుచున్నకొలది మేట సన్నగిలి, అవి గుంపుగూడి యెత్తైన ఇసుకదిబ్బకు చేరును. ఏ గడియ కెచట పడవ నాపవలెనో, మోటారు నెప్పుడు కట్టివేయవలెనో సరంగునకు తెలియును. చలికాలపు రాత్రులందు తాబేళ్లు గ్రుడ్లు పెట్టుటకు ఒడ్డు కెక్కునపుడు దీపము వెలిగింపరాదనియు, వెలుగు చూచినచో తల్లి వెనుదిరుగుననియు, పిల్లలు సముద్రపుదారి తప్పుననియు అతడు ముందుగానే హెచ్చరించును.

ఛాయాచిత్రము పక్షి ప్రాణము తీయదు గనుక అది పూర్వపు వేటకంటె శ్రేష్ఠమని నేను గట్టిగా నమ్ముచున్నాను. ఐనను గూటికి మిక్కిలి చేరువగా పోయి పక్షులను లేవగొట్టువాడు వేటగానికి సరియైన వారసుడే యగును. దూరమున నిలిచి తీసిన చిత్రమునకు తేదీని, స్థలమును, ఆటుపోట్ల వేళను, త్రోవ చూపిన సరంగు పేరును చేర్చి భద్రపఱచినచో అది వినోదముగా మిగిలిపోక, ఆరేడు వృత్తాంతమువలె ఈ నేలకు సాక్ష్యమగును. ఇసుక కదలి, నది దారి మార్చుకొని, ఈ దీవియే వేఱొక రూపు తాల్చిననాడు, ఇచట ఏ ప్రాణులు బ్రదికినవో రాబోవు తరములవారు ఆ చిత్రముల వలననే తెలిసికొనగలరు.